లాటులో 18 టిక్కీలు తగ్గాయి, మార్చిందెవరో తెలియాలి: మైఎస్‌క్యూఎల్‌లో ట్రిగర్లతో ఆడిట్ లాగ్

లాలాపేట_కోడ్ | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

గుంటూరు ఏటుకూరు రోడ్డు వైపున్న ఒక కోల్డ్ స్టోరేజీకి నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ నేనే చూస్తున్నాను. కోడ్ పీహెచ్‌పీ, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 8.0, సర్వర్ క్లౌడ్‌లో ఉంది. రైతు మిర్చి దింపగానే లాటు నంబరు వేసి, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఎక్కించి, బాండ్ ప్రింట్ చేసి ఇస్తారు. చాలామంది ఆ బాండ్ బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటారు. అందుకే ఆ అంకె చాలా ముఖ్యం.

పోయిన గురువారం ఒక రైతు సరుకు విడిపించుకోవడానికి వచ్చారు. తేజ రకం, లాటు 417, బాండ్‌లో 120 టిక్కీలు. మా స్క్రీన్ మీద 102 చూపిస్తోంది. హమాలీలను పంపి చాంబర్‌లో లెక్కపెట్టిస్తే 120 ఉన్నాయి. రైతు తన సరుకు తను తీసుకెళ్లారు, ఆయనకు నష్టం లేదు. కానీ ఓనరు గారికి అనుమానం పట్టుకుంది. ముందు లెక్కలో 18 తగ్గించి, తర్వాత వేరే పేరుతో గేట్ పాస్ రాసి ఆ 18 బయటికి దాటించాలని ఎవరో చూశారంటారు. డేటాబేస్‌లో చూసి చెప్పమన్నారు. చూశాను. ఆ లాటు వరుసలో 'చివరగా మార్చినవారు' కాలమ్‌లో గుమాస్తా గారి పేరుంది. 'మార్చిన సమయం' 3వ తేదీ, 18:10. సాయంత్రం ఆరు దాటాక కూడా ఆయన ఆ రోజు సీట్లోనే ఉన్నారని వాచ్‌మన్ చెప్పాడు.

ఆయన అక్కడ 19 ఏళ్లుగా పనిచేస్తున్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. "ఆ లాటు రాసిన రోజు ముట్టుకున్నాను, మళ్లీ దాని జోలికి పోలేదు అబ్బాయ్" అంటున్నారు. శుక్రవారం నుంచి ఆయన్ని పనిలోకి రావద్దన్నారు. నేను చూపించిన ఆ రెండు కాలమ్‌లే దానికి కారణం. మూడు రోజులుగా నిద్ర లేదు.

ఇకమీదట ఏ లాటులో ఏ అంకె ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకి, ఎవరి చేతిమీదుగా మారిందో తెలిసేలా ట్రిగర్లతో (టేబుల్‌లో మార్పు జరగగానే డేటాబేస్ తనే నడిపే చిన్న కోడ్) ఆడిట్ లాగ్ పెట్టాలనుకుంటున్నాను. ఇలాంటిది ఇంతకుముందు చేసినవాళ్లు దారి చూపించండి.


ఆటోనగర్_బిల్లింగ్ | సోమవారం, రాత్రి 9:48

బెజవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాను తమ్ముడూ. మాది ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్. ట్రిగర్లు ఎందుకు? పీహెచ్‌పీ కోడ్‌లో సేవ్ చేసే చోటే ఒక లాగ్ వరుస రాసేయ్. లాగిన్ అయిన మనిషి పేరు అక్కడ ఎలాగూ ఉంటుంది. ట్రిగర్లు కనబడకుండా పనిచేస్తాయి. ఆరు నెలల తర్వాత నీ తర్వాత వచ్చినవాడికి అవి ఉన్నాయనే తెలియదు.


అరండల్‌పేట_డీబీఏ | సోమవారం, రాత్రి 10:05

తమ్ముడూ, ఆడిట్ లాగ్ సంగతి రేపు మాట్లాడుకుందాం. ట్రిగర్ పెట్టిన క్షణం నుంచి జరిగేదే అది రాస్తుంది, 3వ తేదీన జరిగింది చెప్పదు. ముందు ఆ మనిషి సంగతి చూడాలి.

మైఎస్‌క్యూఎల్ 8.0లో బైనరీ లాగ్ (డేటాలో జరిగిన ప్రతి మార్పునీ సర్వర్ రాసుకునే ఫైళ్లు) మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. 30 రోజుల తర్వాత పాత ఫైళ్లు వాటంతటవే పోతాయి. సెట్టింగ్‌లో అది 25,92,000 సెకన్లని కనిపిస్తుంది. నీ 3వ తేదీ ఇంకా ఆ గడువులోనే ఉండాలి. ఎవరైనా గడువు తగ్గించి ఉంటే తప్ప ఫైళ్లు దొరుకుతాయి. ఈ రాత్రికే వాటిని వేరే చోటికి కాపీ చేసుకో. రేపు అనొద్దు.

ఫార్మాట్ 'రో', రో ఇమేజ్ 'ఫుల్' అని ఉంటే (8.0లో మార్చకపోతే అవే ఉంటాయి) ప్రతి అప్‌డేట్‌కీ మార్పుకు ముందు వరుస, తర్వాత వరుస రెండూ అందులో ఉంటాయి. మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ అనే టూల్‌ని 'డీకోడ్ రోస్', 'వెర్బోస్' ఆప్షన్లతో నడుపు. కాలమ్ పేర్లు రావు, @1, @2 అని నంబర్లు వస్తాయి. టేబుల్‌లో కాలమ్‌ల వరుసతో పోల్చుకో. 120, 102 రెండూ పక్కపక్కనే ఉన్న చోటు వెతుకు.

ఒక్కటి ముందే చెబుతున్నా, మార్చింది ఏ యూజరో అందులో ఉండదు. థ్రెడ్ నంబరు (ఏ కనెక్షనో చెప్పే అంకె) మాత్రం ఉంటుంది. అయినా ఆ మార్పు చుట్టూ ఇంకేం జరిగిందో చూస్తే చాలా తెలుస్తుంది.


లాలాపేట_కోడ్ | సోమవారం, రాత్రి 10:11

అక్కా, ఇప్పుడే సర్వర్‌లోకి వెళ్లాను. 22 ఫైళ్లున్నాయి. కాపీ చేస్తున్నాను.


పటమట_పోస్ట్‌గ్రెస్ | సోమవారం, రాత్రి 11:30

కాపీ అయ్యేలోగా నా మాట కొంచెం. నేను పనిచేసేది పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ మీద, అయినా చిక్కు అందరికీ ఒకటే.

ఏం మారిందో ట్రిగర్ ఖచ్చితంగా చెబుతుంది. ఎవరు మార్చారో దానికి తెలియదు. మీ అప్లికేషన్ మొత్తం ఒకే డేటాబేస్ యూజర్‌తో కనెక్ట్ అవుతుంది కదా. గుమాస్తా నొక్కినా ఓనరు నొక్కినా డేటాబేస్‌కి కనిపించేది ఆ ఒక్క యూజరే. అసలు మనిషి ఎవరో అప్లికేషనే దానికి చెప్పాలి. ఆడిట్ లాగ్‌లో కష్టమైన భాగమంతా ఇదే, మిగతాది టైపింగ్ పని.

మేము చేసేది ఇది. ప్రతి ట్రాన్సాక్షన్ మొదట్లో 'సెట్ లోకల్'తో లాగిన్ అయినవారి ఐడీని ఒక కస్టమ్ సెట్టింగ్‌లో పెడతాం. ట్రిగర్ ఫంక్షన్ దాన్ని 'కరెంట్ సెట్టింగ్'తో చదువుతుంది. 'లోకల్' అన్న మాట మరిచిపోతే ముప్పు. పీజీబౌన్సర్ లాంటి పూలర్ (కనెక్షన్లను అందరికీ పంచే ప్రోగ్రామ్) వాడితే ఒకరి కనెక్షన్ ఇంకొకరికి వెళ్తుంది, దానితోపాటు పాత పేరు కూడా వెళ్తుంది. ఒకరు చేసిన పని ఇంకొకరి మీద పడుతుంది. మీ బాబాయ్ విషయంలోనూ అలాంటిదే జరిగి ఉండొచ్చు.

ఇంకో విషయం. ట్రాన్సాక్షన్ అయిపోయాక ఆ సెట్టింగ్ నల్‌గా (విలువే లేదన్న గుర్తు) తిరిగి రాదు, ఖాళీ స్ట్రింగ్‌గా వస్తుంది. 'నల్ఇఫ్' పెట్టకపోతే ఖాళీ పేరుతో లాగ్‌లు పడతాయి. ఈ ఒక్కదానితో నాకు రెండు రోజులు పోయాయి.


లాలాపేట_కోడ్ | మంగళవారం, ఉదయం 6:35

దొరికింది. 3వ తేదీ 18:10:42. లాటు 417, ముందు 120, తర్వాత 102. కానీ ఒకటి అర్థం కావట్లేదు. అదే స్టేట్‌మెంట్‌లో ఇంకో 11 వరుసలు కూడా మారాయి. మొత్తం 12. అన్నీ లాట్ల టేబుల్‌వే. బాబాయ్ ఒకేసారి 12 లాట్లు మార్చారంటే ఓనరు గారు ఇంక అసలు వినరు. ఆయనకి ఎలా చెప్పాలో తెలియడం లేదు.


అరండల్‌పేట_డీబీఏ | మంగళవారం, ఉదయం 7:02

ఆగు తమ్ముడూ. ఎవరికీ ఏమీ చెప్పకు. రెండు ప్రశ్నలు.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఒకే నొక్కుతో 12 లాట్లు మార్చే స్క్రీన్ ఏదైనా ఉందా?

క్లౌడ్ సర్వర్ టైమ్‌జోన్ ఏమిటి? ఆ టూల్ తను నడిచే మెషీన్ టైమ్‌జోన్‌లోనే సమయం చూపిస్తుంది. 'మార్చిన సమయం' కాలమ్ కూడా నువ్వు కనెక్ట్ అయిన సెషన్ టైమ్‌జోన్‌లోనే కనిపిస్తుంది. సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే 18:10కి అయిదున్నర గంటలు కలుపు.


లాలాపేట_కోడ్ | మంగళవారం, ఉదయం 7:09

యూటీసీ. అంటే రాత్రి 11:40.

అలాంటి స్క్రీన్ లేదు అక్కా. లాటు ఒక్కొక్కటే తెరుచుకుంటుంది.


ఆటోనగర్_బిల్లింగ్ | మంగళవారం, ఉదయం 7:15

రాత్రి 11:40కి గుమాస్తా ఆఫీసులో ఎందుకుంటాడు? సర్వర్‌లోకి నేరుగా వెళ్లగలిగేది ఎంతమంది తమ్ముడూ?


లాలాపేట_కోడ్ | మంగళవారం, ఉదయం 8:50

నేను ఒక్కడినే.

గంటన్నర నుంచి నా ల్యాప్‌టాప్‌లో పాత ఫైళ్లు వెతికాను. 3వ తేదీ రాత్రి నేను రాసిన అప్‌డేట్ స్క్రిప్ట్ దొరికింది. పోయిన సీజన్ సరుకు, ధర రాక చాంబర్‌లో మిగిలిపోయింది, ఆరు లాట్లు. వాటిలో కొన్ని టిక్కీలు అప్పటికే బయటికి వెళ్లాయి కానీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కలేదు. వాటి లెక్క సరిచేయమని ఓనరు గారే ఫోన్ చేశారు. ఇంట్లో కూర్చుని చేశాను. లాటు నంబర్లు ఏటా 1 నుంచి మళ్లీ మొదలవుతాయి. నా స్క్రిప్ట్‌లో లాటు నంబరు కలిపాను, సీజన్ కాలమ్ కలపలేదు. ఆరు పాత లాట్లు సరయ్యాయి, అవే నంబర్లున్న ఆరు కొత్త లాట్లూ తగ్గాయి. పాత 417లో తగ్గించాల్సింది 18.

'మార్చిన సమయం' కాలమ్ ఏ అప్‌డేట్ జరిగినా దానంతటదే మారేలా పెట్టింది నేనే. 'చివరగా మార్చినవారు' మాత్రం పీహెచ్‌పీ స్క్రీన్ నుంచి సేవ్ చేస్తేనే మారుతుంది. సమయం నాది, పేరు ఆయనది. రెండూ పక్కపక్కన చూసి ఆయనే మార్చారని చెప్పింది నేను.

మిగతా అయిదుగురు రైతులు ఇంకా రాలేదు. ఓనరు గారి దగ్గరికి బయలుదేరుతున్నాను.


గవర్నర్‌పేట_లెడ్జర్ | మంగళవారం, ఉదయం 10:20

చదివాను బాబూ. వెళ్లడం మంచి పని. బైనరీ లాగ్ ముక్క ప్రింట్ తీసి, స్క్రిప్ట్ ప్రింట్ తీసి, రెండింటి మీదా తేదీ వేసి సంతకం పెట్టి ఇవ్వండి. నోటిమాట మిగలదు. ఆ గుమాస్తా గారి చేతిలో కూడా ఒక కాగితం ఉండాలి.

నేను ఆడిటింగ్ వైపు మనిషిని. 'చివరగా మార్చినవారు' కాలమ్ చూసి మనుషుల మీద నిర్ణయం తీసుకోవడం నేను చాలా చోట్ల చూశాను. అది చివరి సంతకం మాత్రమే. అంతకు ముందు ఎన్నిసార్లు ఎవరెవరు మార్చారో అందులో ఉండదు.

ఆ కోల్డ్ స్టోరేజీ కంపెనీగా రిజిస్టర్ అయి ఉంటే ఇంకో సంగతి ఉంది. కంపెనీల అకౌంట్స్ నిబంధనల ప్రకారం 2023 ఏప్రిల్ 1న మొదలైన ఆర్థిక సంవత్సరం నుంచి, ఖాతాలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఆ లాగ్ ఏడాది పొడవునా పనిచేసిందా, దాన్ని ఎవరైనా తారుమారు చేశారా అని ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి. ఖాతా పుస్తకాల్లాగే 8 ఏళ్లు దాచాలి. భాగస్వామ్య సంస్థకి, సొంత వ్యాపారానికి ఈ నిబంధన వర్తించదు. లాటు రిజిస్టర్ ఖాతా పుస్తకం కాదని మీరు అనవచ్చు. కానీ అద్దె బిల్లు ఆ టిక్కీల లెక్క మీదే వస్తుంది కదా, కాబట్టి రెండింటినీ కలిపే చూడండి.


లాలాపేట_కోడ్ | మంగళవారం, రాత్రి 8:40

వెళ్లి వచ్చాను. లెడ్జర్ గారు చెప్పినట్టే కాగితాలు ఇచ్చాను. ఓనరు గారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే బాబాయ్‌కి ఫోన్ చేసి రేపటి నుంచి రమ్మన్నారు. నన్ను తిట్టారు, తిట్టాల్సిందే. బాబాయ్ ఇంటికి కూడా వెళ్లాను. ఆ మాటలు ఇక్కడ రాయలేను.

మిగతా అయిదు లాట్లు చాంబర్‌లో లెక్కపెట్టించాం. బాండ్‌లలో ఉన్నట్టే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్‌లోనే తగ్గాయి. ఇంకా సరిచేయలేదు. ఆడిట్ లాగ్ పెట్టాకే ఆ దిద్దుబాటు చేస్తాను, అది కూడా లాగ్‌లో పడాలి. ఇప్పుడు చెప్పండి, మొదటి నుంచి ఎలా కట్టాలి?


అరండల్‌పేట_డీబీఏ | మంగళవారం, రాత్రి 9:30

ఆటోనగర్ అన్న నిన్న అన్నదానికి జవాబు కూడా ఇందులోనే వచ్చింది. పీహెచ్‌పీలో లాగ్ రాసి ఉంటే నీ రాత్రి స్క్రిప్ట్ అందులో పడేది కాదు. నేరుగా డేటాబేస్‌లోకి వచ్చే చెయ్యి కూడా నమోదు కావాలంటే ట్రిగరే సరైన దారి.

టేబుల్ సంగతి. ఒక్క ఆడిట్ టేబుల్ చాలు. అందులో ఇవి ఉండాలి: పెద్ద ఇంటీజర్ ఐడీ, టేబుల్ పేరు, వరుస ప్రైమరీ కీ, పని (చేర్పు, మార్పు, తొలగింపు), పాత విలువలు జేసన్‌లో (పేరు, విలువ జతలుగా రాసే ఫార్మాట్), కొత్త విలువలు జేసన్‌లో, అప్లికేషన్ యూజర్, డేటాబేస్ యూజర్, కారణం, సమయం. సమయం 'యూటీసీ టైమ్‌స్టాంప్'తో ఆరు దశాంశాల దాకా పెట్టు, కాలమ్ పేరులోనే యూటీసీ అని రాయి. చూపించేటప్పుడు మన టైముకి మార్చు. ఈ పాఠం నీకు ఇంక ఎవరూ చెప్పక్కర్లేదు.

డేటాబేస్ యూజర్ కోసం 'కరెంట్ యూజర్' ఫంక్షన్ వాడొద్దు. ట్రిగర్ లోపల అది డిఫైనర్ పేరు, అంటే ట్రిగర్ ఎవరి పేరు మీద ఉందో ఆ యూజర్ పేరు ఇస్తుంది. 'యూజర్' ఫంక్షన్ వాడితే నిజంగా కనెక్ట్ అయినవారు వస్తారు.

మైఎస్‌క్యూఎల్‌లో వరుసకి ఒకసారి నడిచే ట్రిగర్లే ఉన్నాయి. చేర్పుకి, మార్పుకి, తొలగింపుకి మూడూ 'ఆఫ్టర్' ట్రిగర్లుగా రాయి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ఒకే ఫంక్షన్ అన్ని టేబుళ్లకీ తగిలించి మొత్తం వరుసని జేసన్‌బీగా మార్చేయొచ్చు. ఇక్కడ ఆ సుఖం లేదు. ట్రిగర్ లోపల డైనమిక్ ఎస్‌క్యూఎల్ నడవదు, ప్రతి కాలమ్ పేరూ రాయాలి. చేత్తో రాయకు, ఇన్ఫర్మేషన్ స్కీమాలో కాలమ్‌ల జాబితా ఉంటుంది, దాని నుంచి ట్రిగర్ టెక్స్ట్ తయారుచేసే చిన్న ప్రోగ్రామ్ రాసుకో. రేపు టేబుల్‌కి కొత్త కాలమ్ కలిపిన రోజు దాన్ని మళ్లీ నడపాలి. లేకపోతే కొత్త కాలమ్ మార్పులు లాగ్‌లో పడవు, పడలేదని కూడా ఎవరికీ తెలియదు.

మార్పు ఉందా లేదా పోల్చేటప్పుడు మామూలు 'సమానం కాదు' గుర్తు వాడొద్దు. ఒక వైపు నల్ ఉంటే ఫలితం కూడా నల్, అంటే ఖాళీ గడిలో విలువ పెట్టిన మార్పు లాగ్‌లోకి రాదు. <=> గుర్తు నల్‌లని కూడా సరిగ్గా పోలుస్తుంది. దాని ముందు 'నాట్' పెట్టు. ఈ పోలిక అవసరమే, ఎందుకంటే ఏమీ మార్చకుండా సేవ్ నొక్కినా ట్రిగర్ నడుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. మీ టేబుళ్లలో ఫారిన్ కీలకి (ఒక టేబుల్ వరుసని ఇంకో టేబుల్‌కి ముడివేసేవి) 'ఆన్ డిలీట్ క్యాస్కేడ్' ఉందా, అంటే తల్లి వరుస తొలగిస్తే పిల్ల వరుసలు కూడా పోయేలా? మైఎస్‌క్యూఎల్ 8.0లో క్యాస్కేడ్ వల్ల పోయిన పిల్ల వరుసలకి ట్రిగర్లు నడవవు. లాటు తొలగిస్తే లాటు సంగతి లాగ్‌లో ఉంటుంది, దాని గేట్ పాస్‌లన్నీ చప్పుడు లేకుండా పోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఈ బాధ లేదు. నువ్వు మాత్రం దాన్ని 'రెస్ట్రిక్ట్'గా మార్చుకో, అప్పుడు గేట్ పాస్‌లున్న లాటుని తొలగించనివ్వదు.

ట్రంకేట్‌కి (టేబుల్ మొత్తాన్ని ఒకేసారి ఖాళీ చేయడం) కూడా డిలీట్ ట్రిగర్ నడవదు. ట్రంకేట్ చేయాలంటే డ్రాప్ ప్రివిలేజ్ కావాలి. అప్లికేషన్ యూజర్‌కి అది ఇవ్వకు. ట్రిగర్ ప్రివిలేజ్ ఇవ్వకు. ఆడిట్ టేబుల్ మీద చదివే హక్కు తప్ప ఏ హక్కూ ఇవ్వకు. ట్రిగర్ డిఫైనర్ హక్కులతో నడుస్తుంది కాబట్టి రాయడానికి అడ్డం ఉండదు.


నల్లపాడు_ఫైనలియర్ | మంగళవారం, రాత్రి 10:12

అక్కా, నేను ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. రెండు సందేహాలు. మరియాడీబీ 10.3 నుంచి సిస్టమ్ వెర్షన్డ్ టేబుల్స్ ఉన్నాయి, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి టెంపోరల్ టేబుల్స్ ఉన్నాయి. పాత వరుసలు అవే దాచుకుంటాయి కదా, ట్రిగర్లు ఎందుకు రాయాలి?

రెండోది లాలాపేట అన్నకి. అన్నా, తప్పుగా అనుకోవద్దు. సర్వర్‌లో మీరు రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) కదా. ట్రిగర్ పెట్టేది మీరే, తీసేయగలిగేదీ మీరే. అప్పుడు ఓనరు గారు లాగ్‌ని ఎలా నమ్ముతారు?


పటమట_పోస్ట్‌గ్రెస్ | మంగళవారం, రాత్రి 10:40

మొదటిదానికి నేను చెబుతాను. అవి ఏ సమయానికి వరుస ఎలా ఉందో బాగా చెబుతాయి. ఎవరు, ఎందుకు అన్నది చెప్పవు. టేబుల్‌లో 'చివరగా మార్చినవారు' కాలమ్ ఉంటే పాత వెర్షన్లలో అది కూడా దొరుకుతుంది, కానీ నేరుగా నడిపిన స్క్రిప్ట్ ఆ కాలమ్ ముట్టుకోదు. మళ్లీ బాబాయ్ పేరే.


లాలాపేట_కోడ్ | మంగళవారం, రాత్రి 11:05

నల్లపాడు తమ్ముడూ, తప్పుగా అనుకోలేదు. ఈ రోజు ఓనరు గారు నన్ను అడిగింది అదే. జవాబు చెప్పలేకపోయాను.


అరండల్‌పేట_డీబీఏ | బుధవారం, ఉదయం 6:50

రూట్‌ని డేటాబేస్ లోపల ఆపలేం. బయట సాక్ష్యం పెట్టొచ్చు. రోజూ రాత్రి ఆ రోజు ఆడిట్ వరుసలన్నిటినీ ఐడీ క్రమంలో ఫైల్‌గా తీసి, ముందు రోజు హాష్‌ని (ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు సంఖ్య) కూడా కలిపి ఎస్‌హెచ్‌ఏ 256 లెక్కకట్టు. ఫైల్, హాష్ రెండూ ఓనరు గారి సొంత మెయిల్‌కి, వాళ్ల ఆడిటర్ మెయిల్‌కి వెళ్లాలి. ఆ మెయిళ్ల పాస్‌వర్డ్ నీ దగ్గర ఉండకూడదు. నెల తర్వాత ఎవరు ఒక్క వరుస దిద్దినా లెక్క కుదరదు. మొదటి రోజు నుంచీ మళ్లీ లెక్కకట్టి పోల్చే ప్రోగ్రామ్ కూడా ఆడిటర్‌కి ఇచ్చెయ్.

ఐడీల మధ్య ఖాళీలు కనిపిస్తే కంగారు పడొద్దని కూడా వాళ్లకి చెప్పు. రద్దయిన ట్రాన్సాక్షన్ వాడిన నంబరు మళ్లీ రాదు. ఖాళీ ఉన్నంత మాత్రాన ఎవరో చెరిపారని కాదు.


ఆటోనగర్_బిల్లింగ్ | బుధవారం, ఉదయం 9:15

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, ట్రిగర్లే కావాలి. కానీ నా దెబ్బలు కూడా వినండి.

మా దగ్గర ఒకసారి బిల్లు టేబుల్‌కి ట్రిగర్ పెట్టాం. మరుసటి రోజు నుంచి బిల్లు వస్తువులు వేరే బిల్లు నంబర్ల కింద పడుతున్నాయి. పాత కోడ్ కొత్త బిల్లు ఐడీని '@@ఐడెంటిటీ'తో తీసుకునేది. ట్రిగర్ ఆడిట్ టేబుల్‌లో వరుస చేర్చగానే అది ఆడిట్ ఐడీ ఇచ్చేది. 'స్కోప్ ఐడెంటిటీ'కి మార్చాక సర్దుకుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ట్రిగర్ స్టేట్‌మెంట్‌కి ఒకసారే నడుస్తుంది, వరుసకి ఒకసారి కాదు. ఒకే వరుస వస్తుందనుకుని రాస్తే వంద వరుసల అప్‌డేట్‌లో ఒక్కటే లాగ్ అవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ఈ రెండు బాధలూ లేవు.

ఒక ప్రశ్న. సీజన్‌లో గేటు ముందు లారీలు బారులు తీరి ఉన్నప్పుడు ఆడిట్ టేబుల్‌లో రాయడం ఏదో కారణంతో విఫలమైతే అసలు సేవ్ కూడా ఆగిపోతుంది. అప్పుడు ఏం చేస్తారు?


అరండల్‌పేట_డీబీఏ | బుధవారం, మధ్యాహ్నం 1:30

ఆగాలి అన్నా. లాటు, గేట్ పాస్ టేబుళ్లలో లాగ్ కాని మార్పు జరగకూడదు. రైతు ఫోన్ నంబరు లాంటి వాటికి ట్రిగర్‌లో ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టి వదిలేయొచ్చు, అంతకు మించి వద్దు. డిస్క్ నిండకుండా చూసుకోవడం మన పని. ఆడిట్ టేబుల్‌ని నెలవారీ పార్టిషన్లు (ముక్కలు) చేయొచ్చు. అలా చేస్తే ప్రైమరీ కీలో సమయం కాలమ్ కూడా ఉండాలని మైఎస్‌క్యూఎల్ పట్టుబడుతుంది.

తమ్ముడూ, కారణం కాలమ్ గురించి. లాట్ల టేబుల్‌కి ఒక 'బిఫోర్ అప్‌డేట్' ట్రిగర్ కూడా పెట్టు. సెషన్‌లో అప్లికేషన్ యూజర్ వేరియబుల్ లేకపోతే, కారణం వేరియబుల్ కూడా ఖాళీగా ఉంటే 45000 కోడ్‌తో 'సిగ్నల్' ఇచ్చి ఆపెయ్. అర్ధరాత్రి ఎవరు నేరుగా కనెక్ట్ అయినా ముందు ఎందుకు మారుస్తున్నారో రాయాల్సిందే. ఆ వేరియబుల్స్ కనెక్షన్ ఉన్నంతసేపు ఉంటాయి. పీహెచ్‌పీలో పర్సిస్టెంట్ కనెక్షన్లు వాడుతుంటే ప్రతి రిక్వెస్ట్ మొదట్లో తప్పకుండా కొత్త విలువ పెట్టు, పటమట ఆయన చెప్పిన ప్రమాదమే ఇక్కడా.


గవర్నర్‌పేట_లెడ్జర్ | బుధవారం, సాయంత్రం 5:45

చిన్న మనవి. రైతుల టేబుల్‌లో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి. వరుస మొత్తాన్ని జేసన్‌లో దాచేస్తే అవి ఏళ్ల తరబడి ఇంకో చోట కూడా పోగుపడతాయి, పైగా రోజూ మెయిల్‌లో వెళ్తాయి. ఆ కాలమ్‌లు మారాయని మాత్రం రాయండి, నంబరులో చివరి నాలుగంకెలు చాలు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది.


లాలాపేట_కోడ్ | శుక్రవారం, రాత్రి 10:30

రెండు రాత్రులు కూర్చుని కట్టాను. టెస్ట్ సర్వర్‌లో మొదటి అడుగులోనే ఆగింది, 1419 ఎర్రర్. బైనరీ లాగ్ ఆన్‌లో ఉంటే మామూలు యూజర్ ట్రిగర్ సృష్టించలేడట. ఫంక్షన్ క్రియేటర్లని నమ్మే ఆ సెట్టింగ్ ఆన్ చేశాక అయింది. తర్వాత టెస్ట్ బ్యాకప్‌ని ఇంకో మెషీన్‌లో ఎక్కిస్తే 1449, డిఫైనర్ యూజర్ లేడని. ఆడిట్ కోసమే ఒక యూజర్ పెట్టి, లాగిన్ కాకుండా లాక్ చేసి, డిఫైనర్‌గా అతన్నే వాడాను. బ్యాకప్ ఎక్కించే ముందు ఆ యూజర్‌ని సృష్టించడం మా కాగితంలో మొదటి అడుగుగా రాశాను.

ఈ రోజు మధ్యాహ్నం అసలు సర్వర్‌లో పెట్టాం. లాట్లు, గేట్ పాస్‌లు, అద్దె బిల్లులు, రైతులు, నాలుగు టేబుళ్లు. లేబర్ హాజరు టేబుల్ ఇప్పుడే వద్దనుకున్నాను.

సాయంత్రం ఆరు లాట్లూ సరిచేశాను. బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, బాండ్ నకళ్లు ఆయన ఒక్కొక్కటీ చదువుతుంటే, ఒక్కొక్క లాటుగా, ఈసారి సీజన్ కాలమ్‌తో సహా. మొదటిదానికి కారణం పెట్టడం మరిచిపోయాను, ట్రిగర్ ఆపేసింది. ఆడిట్ లాగ్‌లో మొదటి ఆరు వరుసల్లో అప్లికేషన్ యూజర్ ఖాళీ, డేటాబేస్ యూజర్ నేను, కారణం: '3వ తేదీ రాత్రి నా స్క్రిప్ట్‌లో సీజన్ కలపకపోవడం వల్ల తగ్గిన టిక్కీలు తిరిగి చేర్పు'. 417 కూడా అందులో ఉంది. దాని సరుకు వెళ్లిపోయింది, అయినా 102ని 120 చేసి, ఆ తర్వాతే గేట్ పాస్ ఎక్కించాం.

'చివరగా మార్చినవారు' కాలమ్‌ని స్క్రీన్ల నుంచి తీసేశాను. దాని బదులు 'చరిత్ర' అని బటన్ పెట్టాను. నొక్కితే ఆ లాటు మార్పులన్నీ మన టైములో కనిపిస్తాయి. బాబాయ్ లాటు 417 తెరిచి ఆ దిద్దుబాటు వరుస రెండుసార్లు చదువుకున్నారు. తర్వాత ప్రింట్ తీసి ఇమ్మన్నారు, ఇచ్చాను.

క్యాస్కేడ్ గేట్ పాస్‌లకి ఉంది అక్కా. రేపు రెస్ట్రిక్ట్ చేస్తున్నాను.


అరండల్‌పేట_డీబీఏ | శుక్రవారం, రాత్రి 10:52

దానికి ఫారిన్ కీ తీసేసి మళ్లీ పెట్టాలి. ఉదయం లారీలు రాకముందే చెయ్. ముందు బ్యాకప్ తీసుకో, మైఎస్‌క్యూఎల్‌డంప్ ట్రిగర్లని తీసుకుంటుంది కానీ ప్రొసీజర్లని అడిగితేనే తీసుకుంటుంది. అయ్యాక గేట్ పాస్ ఉన్న టెస్ట్ లాటు ఒకటి తొలగించి చూడు, ఒప్పుకోకూడదు.


లాలాపేట_కోడ్ | శనివారం, ఉదయం 7:20

అయింది అక్కా. ఒప్పుకోలేదు.